కుర్చీలో కూచున్న పిల్ల
(ఆళ్లగడ్డ సభలో చేసిన ప్రసంగం)



నంద్యాల నుంచి ఆళ్లగడ్డకొచ్చే దారిలో మాదొక పల్లె. మా మాదిగ పిల్ల ఒకతి గురుకులంలో చదివి, ఒక సంవత్సరం అమెరికా బడికి పోయొచ్చింది. 2002లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ యెస్ పథకం కింద మన గురుకులాల పిల్లలు అట్ల పోయినారు. అక్కడొక కుటుంబం ఇంట్లో ఉండాల, అక్కడి బడికి పోవాల, ఏడాదికి తిరిగి రావాల. ఖర్చు వాళ్లదే. పిల్ల పేరు చెప్పం, ఊళ్లో బతకాల్సింది ఆమె.

పోయిన కొత్తలో ఆ ఇంట్లో ఫ్రిజ్ తెరిచేదానికి భయపడిందంట. ఆకలైనా అడిగేది కాదు. ఆ ఇంటామె, "ఇది నీ ఇల్లు, నువ్వే తీసుకుని తిను" అని చెప్పింది. పిల్ల ఫోన్లో ఆ మాట చెప్తే వాళ్లమ్మ ఏమన్నాదో తెలుసునా? "అయినా అడిగే తీసుకో పాపా." ఇరవై ఏండ్లు దొరింట్లో కసువూడ్చిన ఆ తల్లి పెరడు దాటి లోపలికి పోయింది లేదు. ఆమెకు బువ్వ పైనుంచి వేస్తారు. ఆ భయం బిడ్డతో పాటు విమానమెక్కి పోయింది.

ఉగాదికి అక్కడొక తెలుగోళ్లింటికి పిలిచినారు. నంద్యాల అంటే ఎంత సంబరమో! పప్పు, పచ్చడి, బొబ్బట్లు పెట్టినారు. తర్వాత ఇంటిపేరు అడిగినారు. తర్వాత ఊళ్లో ఏ వీధని అడిగినారు. చివరికి "మీరేమోళ్లమ్మా?" అన్నారు. "మాదిగోళ్లం" అని చెప్పింది. మళ్లీ ఆ ఇంటి నుంచి ఫోను రాలేదు. తెల్లోళ్లు ఏడాదిలో ఒక్కసారి అడగని ప్రశ్న, మనోళ్లు ఒక్క పూటలో అడిగినారు. (తెల్లోళ్లంతా మంచోళ్లని కాదు. నల్లోళ్ల కథ ఆ పిల్ల అక్కడి బడిలోనే చదువుకున్నాది.) అమెరికాలో కులం లేదనేవాళ్లను ఒకటడుగుతాం: సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ చట్టమెందుకు చేసింది?

బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో న్యూయార్క్ పోయినాడు, కొలంబియాలో చదివినాడు. విదేశంలో ఉన్నన్నాళ్లు తాను అంటరానివాడన్న సంగతే మనసులోంచి పోయిందని తానే రాసుకున్నాడు. 1917లో ఉద్యోగానికి బరోడా వస్తే ఉండను ఇల్లు లేదు. పేరు మార్చుకుని పార్శీల సత్రంలో దిగితే, పదకొండో రోజు కట్టెలు పట్టుకొచ్చి వెళ్లగొట్టినారు. కొలంబియాలో చదివిన మనిషి తోటలో కూచుని ఏడ్చినాడు. ఆ పుస్తకం పేరే 'వీసా కోసం నిరీక్షణ'.

మా పిల్ల తిరిగొచ్చినాక దొర కబురంపినాడు, మనవడితో ఇంగిలీషులో మాట్లాడమని. పిల్ల పోయింది. వసారాలో కుర్చీ ఉంటే కూచుంది. దాంట్లో పౌరుషమేం లేదు, ఏడాది అలవాటు. వాళ్ల నాయన మాత్రం పక్కన నిలబడే ఉన్నాడు. మర్సనాడు నాయన్ను పనికి పిలవలేదు. "కుర్చీలో కూచునేటోళ్లకు కూలెందుకు" అన్నారంట. మేం నలుగురం పోయి అడిగితే, "మేమేమన్నాం?" అన్నారు. పది దినాలు పొయ్యి సరిగా రాజలేదు. పిల్ల, "నేను కూచోకుండా ఉండాల్సింది" అని ఏడ్చింది. అప్పుడు వాళ్లమ్మ, ఫోన్లో "అడిగే తీసుకో" అన్న ఆ అమ్మే, "నువ్వు లేచింటే నేను ఏడ్చేదాన్ని" అన్నాది. కోతలొచ్చినాక దొరే మనిషినంపినాడు. నాయన పోయినాడు, కూలి ముందు మాట్లాడుకుని పోయినాడు.

ఇంగొక మాట. పిల్ల పాస్‌పోర్టుకు ఎన్ని తిరుగుళ్లు తిరిగినామో! బడిలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పుట్టిన తేదీ ఇంగొకటి. నంద్యాలకు, ఆళ్లగడ్డకు తిరిగి తిరిగి కూలి దినాలు పోగొట్టుకున్నాం. ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలున్నోళ్లు జనన సర్టిఫికెట్టు, ఆధార్, బడి రికార్డు మూడింట్లో పేరు ఒకటే ఉందేమో ఈ రాత్రే చూసుకోండి. తేడా ఉంటే కాయితాలు తీసుకుని రేపు పొద్దున రండి. అర్జీ మేం రాసిస్తాం.