చూపు, సంభాషణ, సాక్ష్యం

సంభాషణలో మాటతోపాటు చూపు ఏ పని చేస్తుందో, ఆ పని అన్ని సమాజాలలోనూ ఒకేలా ఎందుకు ఉండదో ఈ పాఠంలో చూద్దాం.

పెద్దవాళ్ళు మందలించేటప్పుడు పిల్లవాడు వారి కళ్ళలోకి సూటిగా చూశాడనుకోండి. "ఏమిటా గుడ్లురిమి చూడటం?" అని ఇంకో నాలుగు చీవాట్లు పడతాయి. అదే పిల్లవాడు పెరిగి పెద్దవాడై, ఉద్యోగం ఇంటర్వ్యూలో తల దించుకొని జవాబు చెబితే ఆత్మవిశ్వాసం లేదంటారు. ఇంట్లో మర్యాద అనిపించుకున్నది అక్కడ లోపమైంది.

ఆడమ్ కెండన్ అనే పరిశోధకుడు ఇంగ్లీషువారి సంభాషణలను ఫిలిం మీద చిత్రించి, వారి చూపుల్ని పరిశీలించి, 1967లో ఒక వ్యాసం ప్రచురించారు. కాస్త ఎక్కువసేపు మాట్లాడబోయే వ్యక్తి మొదట చూపు పక్కకు తిప్పుకుంటాడు. ముగించే సమయానికి ఎదుటివారి వైపు చూస్తాడు. 'ఇక మీ వంతు' అన్నట్లన్నమాట. మాట్లాడేవారికంటే వినేవారే ఎక్కువగా చూస్తారు. ఇది అక్కడివారి అలవాటు. దీన్నే అందరికీ వర్తించే నియమం అనుకుంటే చిక్కు వస్తుంది.

ఆ చిక్కు ఎంత దూరం పోతుందో ఆస్ట్రేలియా కోర్టుల్లో తెలిసింది. అక్కడి ఆదివాసుల్లో చాలామందికి ఎదుటివారి కళ్ళలోకి తేరిపార చూడటం అమర్యాద. ప్రశ్న వినగానే జవాబు చెప్పకుండా కాసేపు మౌనంగా ఉండటం మామూలు విషయం. అలాంటి సాక్షి బోనులో నిలబడి, నేల చూస్తూ, ఆగి ఆగి మాట్లాడితే ఈ అలవాటు తెలియని న్యాయవాదికి ఏమనిపిస్తుంది? ఏదో దాస్తున్నాడనిపిస్తుంది. ఈ అపార్థాలను వివరిస్తూ భాషాశాస్త్రవేత్త డయానా ఈడ్స్ న్యాయవాదుల కోసం ఒక చేతిపుస్తకం రాశారు. క్వీన్స్‌లాండ్ లా సొసైటీ దాన్ని 1992లో ప్రచురించింది.

అబద్ధమాడేవాడు కళ్ళలోకి చూడలేడన్న నమ్మకం ఆస్ట్రేలియాది మాత్రమే కాదు. 58 దేశాల ప్రజలను అడిగి 2006లో వెలువరించిన అధ్యయనంలో, అబద్ధానికి గుర్తుగా ఎక్కువమంది చెప్పింది ఇదే. అయితే బెల్లా డిపాలో, ఆమె సహపరిశోధకులు అంతకుముందు జరిగిన ప్రయోగాల ఫలితాలను 2003లో ఒకచోట చేర్చి లెక్కగట్టినప్పుడు, చూపుకూ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఆరితేరిన అబద్ధాలకోరుకు కూడా ఈ నమ్మకం తెలుసు కదా! అతను సూటిగా చూస్తూనే చెబుతాడు.

ఇక మన సంగతి. సాక్షి హావభావాల్లో ముఖ్యమనిపించిన వాటిని నమోదు చేయడానికి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 18వ ఆర్డరు, 12వ రూలు కోర్టుకు అధికారమిస్తున్నాయి. ఎన్నడూ కోర్టు గడప తొక్కని ఒక పల్లెటూరి ఇల్లాలు సాక్ష్యం చెబుతున్నదనుకుందాం. 'సాక్షి తల వంచుకొని జవాబు చెప్పింది' అని రాస్తే అది కంటికి కనిపించిన విషయం. 'సాక్షి చూపు తప్పించింది' అని రాస్తే అది తీర్పు. అప్పీలు విచారించే న్యాయమూర్తి మామూలుగా ఆ ఇల్లాలిని చూడరు. ఆయన ముందుకు వచ్చేది కాగితం మీది ఆ వాక్యమే.