ఆ కాస్త దూరం నడవనివ్వండి

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల భద్రత అనగానే మనం క్యాబ్ గురించో, పోలీసు గురించో మాట్లాడతాం. నేనివాళ నడక గురించి మాట్లాడదలచుకున్నాను. మెట్రో నుంచి హాస్టల్‌కి, ఇంటి నుంచి బస్‌స్టాపుకి, ఆఫీసు నుంచి మందుల షాపుకి ఉండే పది, పదిహేను నిమిషాల నడక.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. గుట్టలూ బండలూ ఉన్నచోట అద్దాల మేడలు లేచాయి. రోడ్లు మాత్రం కార్ల కోసమే వేశారు. అక్కడ ఆడమనిషి నడుస్తుందని ఎవరికీ తట్టినట్టు లేదు.

2013 అక్టోబరులో ఇదే ప్రాంతంలో క్యాబ్ అనుకుని కారెక్కిన ఒక ఉద్యోగినిపై అత్యాచారం జరిగింది. మరుసటి ఏడాది ఇద్దరు నేరస్థులకు శిక్ష పడింది. 2014 అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి. ఆ తర్వాత ఈ కారిడార్‌లో స్త్రీల కోసం షటిల్ బస్సులూ నడిచాయి. ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ ఆ మేడల్లో నేల తుడిచే ఆమెకు, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆమెకు క్యాబ్ ఎవరు పంపుతారు?

ఒక సాయంత్రం చీకటి పడ్డాక హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ నుంచి అయ్యప్ప సొసైటీ వైపు హాస్టల్ అమ్మాయిలతో కలిసి నడిచాను. ఫుట్‌పాత్ ఉన్నచోట దానిమీద బైకులు నిలిపారు. లేనిచోట వాహనాల పక్కనే నడిచాం. దీపం లేని మలుపు రాగానే అమ్మాయిలు మాటలాపి, ఫోన్లు చేతిలో పట్టుకుని అడుగు పెంచారు. టిఫిన్ బండి కనిపించాక మళ్ళీ మాటలు మొదలుపెట్టారు. "బండి అక్క ఉంటే భయం లేదాంటీ" అంది ఒకమ్మాయి. ఆ మాట నన్ను వదల్లేదు. మనుషులున్న వీధే మనకు రక్షణ. అటువంటి బండ్లనే అడ్డం అని తీసేస్తే మిగిలేది ఖాళీ వీధి.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉద్యోగ పనికోసం యాజమాన్యం ఇచ్చే వాహనాన్ని కూడా పనిస్థలంగానే లెక్కిస్తుంది. తన కాళ్ళమీద ఇంటికి నడిచే స్త్రీని పట్టించుకోదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు. సంతోషం. కానీ బస్‌స్టాపు దాకా భయం లేకుండా వెళ్ళగలగాలి కదా!

2025 మేలో సుప్రీంకోర్టు ఆటంకాలు లేని ఫుట్‌పాత్‌ను 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ ఇచ్చింది. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. నడిచేందుకు దారి వదిలి, బండికి చోటు చూపించమని మనం అడగాలి.

నడిచి వెళ్ళే అమ్మాయికి "చీకటి పడకముందే వచ్చెయ్" అని చెప్పడం తేలిక. ఆ మాటతో ఆమె ఉద్యోగం, చదువు, స్నేహం అన్నీ కుదించుకుపోతాయి. మనం ఆమెకు జాగ్రత్తలు చెప్పడం తగ్గించి, మునిసిపల్ అధికారులను లెక్క అడుగుదాం. మీ మీ బస్తీల్లో పనిచేసే స్త్రీలతో కలిసి ఒక రాత్రి నడవండి. వెలగని దీపాలు, లేని ఫుట్‌పాత్‌లు, మూసుకుపోయిన దారులు రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని అందరం కలిసి వెళ్దాం.

ఇల్లు చేరడానికి స్త్రీకి ధైర్యం అవసరమయ్యే నగరాన్ని అభివృద్ధి చెందిన నగరమని నేను ఒప్పుకోలేను.