పాలు పొంగబోతున్నాయి!



ఈ వేళ మీతో ఫ్రెంచి వ్యాకరణం గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నవ్వకండి! పదో తరగతితో చదువు ఆపేసి, పాతికేళ్ళుగా వంటింట్లోనే ఉన్న దానికి ఫ్రెంచి ఏమిటని మా ఇంట్లోనూ నవ్వారు. నా అవసరం అలాంటిది మరి.

మా పెద్దమ్మాయిని యానాం వారికిచ్చి చేశాం. 1954 దాకా ఆ ఊరు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉండేదని మీకు తెలిసిందే. మా అల్లుడి తాతగారు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్న వారు కావడంతో ఆ కుటుంబం ఫ్రాన్సులో స్థిరపడింది. ఇప్పుడు అమ్మాయికి ఏడో నెల. పురిటికి నేను వెళ్ళాలి. అల్లుడిది రాత్రి డ్యూటీల ఉద్యోగం. అర్ధరాత్రి దానికి నొప్పులు మొదలైతే, ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటే? అక్కడ వైద్య సహాయానికి 15 నెంబరుకి ఫోను చెయ్యాలట. చేసి ఏ భాషలో చెప్పను? ఆ భయంతో నిద్ర పట్టేది కాదు. “అమ్మా, ముందు ఒక్క క్రియ నేర్చుకో, సగం గండం గట్టెక్కుతుంది,” అంది అమ్మాయి. రోజూ ఫోనులో పాఠం మొదలెట్టింది. దానికి పలకా బలపం ఇచ్చి దిద్దించింది నేను. ఇప్పుడు నాకు దిద్దిస్తోంది అది!

ఆ క్రియ ‘అలే’. అంటే వెళ్ళడం. దీన్ని కర్తను బట్టి మార్చాలి. ‘ఝ వే’ అంటే నేను వెళ్తున్నాను. నువ్వు అయితే ‘త్యు వా’. అతను ‘ఇల్ వా’, ఆమె ‘ఎల్ వా’. మనం అయితే ‘ను జలోఁ’, మీరు అయితే ‘వు జలే’. ఈ రెండింటిలో జ మనం ‘జడ’ అనేటప్పటి మెత్తని జకారానికి దగ్గరగా ఉంటుంది. ఇక వాళ్ళు అయితే ‘ఇల్ వోఁ’. అతనికీ వాళ్ళకీ ‘ఇల్’ ఒకేలా వినిపిస్తుంది. ‘వా’ అన్నారా, ‘వోఁ’ అన్నారా అన్నదాన్ని బట్టే ఒకరో, ఎందరో తెలుసుకోవాలి. డాక్టరు గారి లాంటి వారితో ‘త్యు’ అనకూడదు సుమండీ, ‘వు’ అనాలి. మన మీరు మన్నన లాంటిదే.

ఇప్పుడు అసలు విషయం. కాసేపట్లో జరగబోయే పని చెప్పాలంటే ఈ ‘వే, వా’ల పక్కన ఆ పని పేరు పెడితే చాలు. ‘మాఁఝే’ అంటే తినడం. ‘ఝ వే మాఁఝే’ అంటే తినబోతున్నాను. ‘పార్తిర్’ అంటే బయలుదేరడం. ‘ను జలోఁ పార్తిర్’ అంటే మనం బయలుదేరబోతున్నాం. మార్పంతా మొదటి క్రియకే. రెండోదాన్ని మడత విప్పని చీరలా ఉన్నదున్నట్టే ఉంచాలి.

వెళ్ళడానికీ తినడానికీ ఏమిటి సంబంధం అని నేనూ అడిగాను. “మనం అనడం లేదా అమ్మా?” అంది. అప్పుడు గుర్తొచ్చాయి బళ్ళో వల్లె వేసిన పరుషాలూ సరళాలూ. తిన, పోతున్నాను – రెండూ కలిస్తే ప కాస్తా బ అయి తినబోతున్నాను అయింది. పోవడం అంటే వెళ్ళడమే కదా! పుట్టిన దగ్గర్నుంచీ మనమూ అదే అంటున్నాం, గమనించలేదంతే. ఇంతలో కుక్కరు కూత వేసింది కానీ, లేకపోతే ఆ సంతోషంలో ఇంకో గంట మాట్లాడేదాన్ని.

అయితే తెలుగును నమ్ముకుని ఒకచోట పప్పులో కాలేశాను. పొయ్యి మీద పాలు చూసి ‘ల లే వోఁ దెబోర్దే’ అన్నాను – పాలు పొంగబోతున్నాయి అని. అమ్మాయి ఒకటే నవ్వు. మనకి పాలు, నీళ్ళు బహువచనం. వాళ్ళకి పాలు ఏకవచనం. కాబట్టి ‘ల లే వా దెబోర్దే’ అనాలి. ఈ దిద్దుబాటు అయ్యేలోపు పాలు నిజంగానే పొంగిపోయాయనుకోండి.

భవిష్యత్తుకి ఇంకో రూపం కూడా ఉంది. ‘ఝ పార్తిరే’ అంటే బయలుదేరతాను. ‘ఝ వే పార్తిర్’ అంటే బయలుదేరబోతున్నాను. పాలు మరిగితే పొంగుతాయి అనడానికీ, అదిగో పొంగబోతున్నాయి అని పరిగెత్తడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. ఇళ్ళల్లో మాటల్లో ఆ రెండోదే ఎక్కువ వినిపిస్తుందట.

చెయ్యను అనాలంటే ‘వే’కి అటు ‘న’, ఇటు ‘పా’ కాపలా పెట్టాలి. ‘ఝ న వే పా ప్లెరే’ అంటే నేను ఏడవబోవడం లేదు. విమానం ఎక్కేటప్పుడు అనుకోవడానికి ఇది బట్టీ పట్టాను.

ఇక నాకు కావలసిన వాక్యం. ‘మా ఫీయ్ వా అకూషే’ – మా అమ్మాయి ప్రసవించబోతోంది. ఫోనులో ఇంటి చిరునామాతో సహా పదిసార్లు అప్పజెప్పించింది అమ్మాయి. పదోసారి తప్పు లేకుండా చెప్పాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

చెల్లెళ్ళూ, ఈ వయసులో మనకి చదువేం వస్తుందని వెనక్కి తగ్గకండి. కొత్త భాష అంటే ఏ కొండల అవతలిదో అనుకుంటాం. తీరా వెళ్ళి చూస్తే మన వంటింటి మాటే వేరే చీర కట్టుకుని కనిపిస్తుంది.

వచ్చే నెల్లోనే ప్రయాణం. సెలవు తీసుకునే ముందు నాకు బాగా నచ్చిన వాక్యం చెప్పనివ్వండి. ‘ఝ వే ఎత్ర్ గ్రాఁమేర్.’

అమ్మమ్మను కాబోతున్నాను!