దప్పికకు ఓర్చు ఒంటె, నీరు ముట్టని ఎలుక



వైశాఖ జ్యేష్ఠములలో మందమర్రి యెండ యెట్టిదో ఇచ్చటివారికి చెప్పవలసిన పనిలేదు. బొగ్గుబాయికి పోవువాడు నీళ్లసీసా లేక గడప దాటడు. చలివేంద్రములోని రంజను మధ్యాహ్నమునకే వట్టిపోవును. ఇంత నీరు త్రాగియు మనుష్యుడు సొమ్మసిల్లుచుండగా, చినుకే అరుదైన ఎడారులలో జంతువులెట్లు బ్రతుకుచున్నవి? ఈ ప్రశ్నకు బడిపిల్లవాడు కూడ తడుముకొనకుండ చెప్పు సమాధానమొకటి కలదు: ఒంటె తన మూపురములో నీరు దాచుకొనునట! ఆ మాట నిజము కాదు.

మూపురములో నున్నది కొవ్వు. కొవ్వు దేహములో దగ్ధమగునప్పుడు కొంత నీరు పుట్టుట వాస్తవమే. కాని అది దగ్ధమగుటకు ప్రాణవాయువు కావలెను. దానికై ఎడారి పొడిగాలిని పీల్చి విడుచుటలో ఊపిరివెంట పోవు తేమ, అట్లు పుట్టిన నీటికంటె తక్కువ కాదు. నార్వేలో జన్మించిన క్నూట్ ష్మిట్-నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు 1953-54 ప్రాంతమున సహచరులతో సహారా ఎడారిలోని బెనీ అబ్బేస్ అను ఊరు చేరి, అచ్చటి ఒంటెలను తూచి, వాని ఒంటివేడిని కొలిచి, అసలు సంగతిని తేల్చెను.

మనుష్యుని ఒంటివేడి 37 డిగ్రీలను మించబోగానే చెమట పట్టును. నీరు దొరకని ఒంటె అట్లు తొందరపడదు. తెల్లవారుజామున దాని వేడి 34 డిగ్రీలకు దిగును. పగలంతయు మెల్లమెల్లగా పెరిగి 40 దాటిన పిదపగాని అది ధారాళముగా చెమర్చదు. 500 కిలోల ఒంటె తన దేహమును 6 డిగ్రీలు వేడెక్కనిచ్చినచో సుమారు 5 లీటర్ల నీరు మిగులును. ఆ వేడిని రాత్రి చల్లగాలికి ఊరక వదలివేయును. వీపుమీది దట్టమైన బొచ్చు దానికి గొడుగు. బొచ్చు కత్తిరించి చూడగా నీటిఖర్చు ఇంచుమించు సగము హెచ్చినది! తన బరువులో నాలుగవవంతు నీరు కోల్పోయియు ఒంటె నిలువగలదు. నీరు దొరికిననాడు 10 నిమిషములలో 100 లీటర్లకు పైగా త్రాగి తేరుకొనును.

అమెరికా ఎడారులలోని కంగారు ఎలుక ఇంకను విచిత్రమైనది. ఎండుగింజలు తినుచు, జన్మలో నీరు ముట్టకయే అది బ్రతుకగలదు. 100 గ్రాముల యవలు దేహములో దగ్ధమైనచో 50 గ్రాములకు పైగా నీరు పుట్టును. ఒంటెకు దక్కని ఈ లాభము ఎలుకకెట్లు దక్కినది? పగలు అది కలుగు విడువదు. కలుగులోని గాలి చెమ్మగా నుండును. దాని ముక్కు చల్లగా నుండుటచే, వెలుపలికి వచ్చు ఊపిరిలోని తేమ చాలవరకు అచ్చటనే నీరై నిలుచును. మూత్రమో, మనుష్యుని మూత్రముకంటె నాలుగైదు రెట్లు చిక్కనిది.

ఈ విద్య మన ప్రాంతపు జంతువులకును కొంత తెలియును. కవ్వాల అడవులలోని చింకారా ఆకులలోని తేమతోను, వానిపై పడిన మంచుతోను బహుకాలము గడుపగలదు. మనుబోతు కొన్ని దినములు నీరు లేకయే తిరుగును. అంత దూరమేల, పెరటిలో చూచినను చాలును. మేక పెంటిక ఎండి రాలును. బర్రె పేడ జారుగా పడును. మేక గట్టునెక్కి మేయును, బర్రె మడుగును వెదకుకొనును.

మరి మనుష్యుడు? అభ్యాసమువలన దప్పికను జయింపవచ్చునని, నీరు తగ్గించిన ఒడలు గట్టిపడునని అనువారు కలరు. ఎండలో పనిచేయువారికి ఇది ప్రాణాంతకమైన నమ్మకము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఎడ్వర్డ్ అడాల్ఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సైనికులను ఎడారిలో పరీక్షించెను. ఆ ఫలితములు 1947లో గ్రంథరూపమున వెలువడినవి. నీరు తగ్గించినంతమాత్రమున చెమట తగ్గలేదు. ఒంటివేడియు నాడియు మాత్రము హెచ్చినవి. పైగా ఎండకు అలవాటుపడిన దేహము మునుపటికంటె ఎక్కువగా చెమర్చును, అనగా దానికి నీరు ఎక్కువే కావలెను. అడాల్ఫ్ గుర్తించిన మరియొక సంగతి: చెమటగా పోయిన నీరంతయు తిరిగి చేరకముందే మనుష్యుని దప్పిక తీరిపోవును. అట్లు మిగిలిన లోటు చాలవరకు భోజనమువేళ త్రాగు నీటితోనే పూడుచుండెను.