విక్రేత త్రాసు

(పెద్దారవీడు పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



మిరపబస్తా తూయించుకొను మన ప్రాంతపు రైతు వర్తకునితో నెంత స్నేహముగా మాటలాడుచున్నను త్రాసుముల్లు మీఁదనుండి చూపు మరల్పఁడు. వర్తకుఁడు దొంగయని కాదు, త్రాసు వర్తకునిదని. చదువురాని రైతునకుఁ గల యీ వివేకము చదువుకొన్న మనకు గొన్నియెడల లోపించుచున్నది. "పరిశోధనమున తేలినది" యను మాట యచ్చులోఁ గనఁబడఁగానే త్రాసెవ్వరిదని యడుగుట మానివేయుచున్నాము. ఈ యడుగుటను గూర్చియే నేఁడు మేము నాలుగు మాటలు చెప్పఁదలఁచితిమి.

నేఁడు టికెట్లిచ్చు చేతియంత్రము మొదలు విద్యుత్తు మీటరు వఱకు ననేక యంత్రములలోఁ జిన్న కంప్యూటరు ఇమిడియున్నది. దానిని నడపు మూలప్రోగ్రామునకు ఆపరేటింగు సిస్టమని పేరు. ఇట్టి యంత్రములు నిర్మించుటకు మైక్రోసాఫ్టువారి విండోసు చవుకయా, వెలలేక లభించు లినక్సు చవుకయా యని 2003 ప్రాంతమున నొక పరిశోధనము వెలువడెను. విండోసే చవుకయని తేలెను. పరిశోధనమునకు సొమ్మిచ్చినవారు మైక్రోసాఫ్టువారు. అంతకుముందు 2002లో వారి ద్రవ్యముతోనే ఐ.డి.సి. సంస్థ జరిపిన మఱియొక పరిశోధనమున నయిదు విధములైన పనులలో నాలుగింట విండోసే చవుకయని చెప్పఁబడెను.

సొమ్మిచ్చినంతమాత్రమున లెక్క యబద్ధమగునని మా వాదము కాదు. అబద్ధపు కూడికలు వేయువాఁడు త్వరలోనే పట్టుపడును. చిక్కు కూడికలో లేదు. ఏమేమి కూడవలెనని నిర్ణయించుటలోఁ గలదు. లినక్సు పదిరెట్లు ప్రియమని మైక్రోసాఫ్టువారు ప్రకటించిన లెక్క నొకదానిని 2004లో బ్రిటను దేశపు ప్రకటనల విచారణసంస్థ పరీక్షించెను. విండోసును సామాన్యమైన చిన్న సర్వరులమీఁదను, లినక్సును ఐ.బి.ఎం.వారి మిక్కిలి ఖరీదైన మహాయంత్రము మీఁదను నడపి ఖర్చులు పోల్చిరని యందు బయల్పడినది. ప్రకటన మోసపుచ్చునదని యా సంస్థ తీర్మానించెను. ఒకనిని కాలినడకను, నొకనిని ఏనుఁగుమీఁదను ప్రయాణముచేయించి, రెండవవానికి మేఁతఖర్చు హెచ్చైనదనుట వంటిదే యిది! అంకెలు నిజమే, పోలిక నిజము కాదు.

ఈ కథ పట్టణములలోని యంత్రములకు సంబంధించినది, మనకేమి యందురేమో. మన చేలలోనికి వత్తము. 2002 మార్చిలో బీటీ పత్తి విత్తనములకు భారతప్రభుత్వ మనుమతి నిచ్చెను. మఱుసటియేఁట సైన్సు పత్రికలో నొక వ్యాసము వెలువడి, ఈ పత్తి దిగుబడి నూటికి 80 వఱకు హెచ్చునని లోకమునకుఁ జాటెను. దానికాధారము విత్తనములమ్ము మహికో సంస్థవారి పరీక్షాక్షేత్రముల లెక్కలు. పిమ్మట మహికో-మోన్సాంటో సంస్థవారే చేయించిన సర్వేలో రైతునకు నికరలాభము దేశముమీఁద నూటికి 78 హెచ్చినదని చెప్పఁబడెను. ఆ దినములలోనే అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి యను నిరువురు ఓరుగల్లు జిల్లా పల్లెలలోఁ దిరిగి రైతుల లెక్కలు వ్రాసికొని, వారికట్టి లాభము రాలేదని ప్రకటించిరి. 2005లో మొదట ననుమతి పొందిన మూఁడు రకములకును ఆంధ్రప్రదేశమున ననుమతిని పొడిగించుటకు కేంద్రసంఘము నిరాకరించెను.

ఇచ్చట మనము న్యాయము తప్పరాదు. ఓరుగల్లు లెక్కలు తీసినవారును బీటీ విత్తనమును వ్యతిరేకించినవారే. 2002 దేశమంతట కఱవు కాలము. కాయతొలుచు పురుగు పీడ తగ్గుటచేతనే రైతులు పిమ్మట నీ పత్తివైపు మొగ్గిరనుటయు నిజము. కాని గులాబిరంగు పురుగు కాలక్రమమున నా గుణమునుగూడ జయించినదనుట యంతకంటె తక్కువ నిజము కాదు. మొదటి రెండేండ్ల లెక్క పదియవ యేఁటి ఖర్చును చెప్పఁజాలదు. కావున మనవారి లెక్కయని కన్నులు మూసికొని నమ్మరాదు, పరుల లెక్కయని చూడకయే త్రోసివేయరాదు. రెంటినొకే ముల్లుతోఁ దూఁచవలెను.

మఱియొక సంగతి. ఖర్చనునది ప్రకృతినియమము కాదు. 450 గ్రాముల విత్తనపు సంచి 1,600 రూపాయలకుఁ దగ్గక యమ్ముడుపోవుచుండఁగా రాష్ట్రప్రభుత్వము గుత్తవ్యాపార విచారణసంఘము నాశ్రయించి పోరాడి, 2006లో 750 రూపాయలకు దింపించెను. ఏ పరిశోధకుఁడును తన పట్టికలో మార్పరానిదిగా వ్రాసిన వెల యొక్క ప్రభుత్వపు పట్టుదలతో సగమునకుఁ దగ్గ దిగెను!

కావున నెట్టి లెక్క మన యెదుటికి వచ్చినను నాలుగు ప్రశ్నలు వేయుదము. సొమ్మెవ్వరిది? ఎవ్వరిని, ఎట్టి నేలలో, ఎట్టి యేఁట నడిగిరి? ఎన్ని సంవత్సరముల ఖర్చు లెక్కించిరి? ఫలితము విక్రేతకుఁ బ్రతికూలమైయుండిన నచ్చుపడియుండెడిదా? ఈ నాల్గవదే ముఖ్యము. తన చల్ల పులిసినదని యమ్మెడివాఁడు చెప్పునా? పది పరిశోధనములు చేయించి యనుకూలమైన యొక్కదానినే ప్రకటించినచో, ఆ యొక్కటి యక్షరాల సత్యమైనను మనకు సత్యము దక్కలేదు.

ప్రశ్నించుటతోనే మన పని తీఱదు. మన లెక్క మనకు లేనిదే పరుల లెక్క నెదిరింపలేము. హైదరాబాదున స్వేచ్ఛ సంస్థవారు తెలుఁగు ఆపరేటింగు సిస్టమును తామే కూర్చిరి. దాని మంచిచెడ్డలు వాడి చూచుట మన చేతిలో నున్నది. అట్లే యీ పఠనమందిరమున నొక పుస్తకము నుంచి, గింజ వెల, ఎరువు, మందుల పిచికారీ, కూలి, పత్తితీఁత, బోరుఖర్చు, అప్పుమీఁది వడ్డి యేటేట ప్రతిరైతుచేతను వ్రాయింపుఁడు. నష్టపడిన యేఁడును దాఁచక వ్రాయుఁడు. వర్షాధారమైన మన మెట్టనేల లెక్క యే విదేశపత్రికయు మనకొఱకు వ్రాయదు. పలకలు చెక్కి దేశమునకుఁ బంపిన మార్కాపురపు సీమవారము మనము. ఆ పలకమీఁద మన లెక్కను పరులు వ్రాయుచుండఁగాఁ జూచుచు నూరకుండుట మనకుఁ దగదు.