కఫన్ ఖర్చు ఎవరిది?

(పల్నాడు ప్రాంత మసీదు కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చావు ఖర్చును గురించి సభలో మాట్లాడడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. సహజ మరణమైతే మనవారికి దారి తెలుసు. మసీదు నుంచి డోలా వస్తుంది, గుసుల్ చేయించేవారు వస్తారు, ఖబరస్తాన్‌కు కబురు వెళుతుంది, అసర్ లోపల మట్టి ఇచ్చి తిరిగి వస్తాము. ఇంటి మనిషిని ఎవరైనా చంపినప్పుడు మాత్రం ఈ క్రమమంతా తలకిందులవుతుంది. ఆ ఇంటిని గురించే ఈ పూట మనవి చేయదలచాము.

2024 జులై 17 రాత్రి వినుకొండ నడివీధిలో, నలుగురూ చూస్తుండగా, ఒక యువకుణ్ణి కత్తితో నరికి చంపారు. ప్రాణం పోయిన బిడ్డ, నిందితుడిగా అరెస్టయిన బిడ్డ ఇద్దరూ మన ఇళ్లవారే. పార్టీలు ఎవరి మాట వారు చెప్పాయి. పెద్ద నాయకులు వచ్చి వెళ్లారు. (1985లో కారంచేడు ఘోరం జరిగినదీ ఇదే తేదీన, చీరాల ప్రాంతం వారికి ఆ సంగతి గుర్తు చేయనక్కరలేదు.) టీవీలు ఆ దృశ్యాన్ని పదేపదే చూపాయి. అయితే ఇటువంటి ప్రతి ఘటన వెనుకా కెమెరాకు అందని ఒక రాత్రి ఉంటుంది. అది మార్చురీ గుమ్మం ముందు గడిచే రాత్రి.

సూర్యాస్తమయం తరువాత కూడా శవపరీక్ష చేయవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో అనుమతించింది. కాని హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలను అందులోనుంచి మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప వాటికి తెల్లవారవలసిందే. జనాజాను త్వరపెట్టాలన్న ఆదేశం మనకున్నది నిజమే. అయినా పోస్టుమార్టం వద్దని డాక్టరును బతిమాలకండి. ఆ దేహం మన బిడ్డ మాత్రమే కాదు, కేసులో మొదటి సాక్ష్యం కూడా. ఆ నివేదిక లేకపోతే రేపు కేసు నిలవదు, పరిహారమూ రాదు, బీమా కూడా రాదు.

ప్రభుత్వాసుపత్రిలో శవపరీక్షకు రుసుము లేదు. అయినా చేయి చాచేవారు ఉంటారు. మేము చూసిన ఆసుపత్రుల పేర్లు ఇక్కడ చెప్పబోము. ఆపైన బండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో ప్రైవేటు అంబులెన్సులవారు అడిగిన డబ్బు ఇచ్చుకోలేక ఒక తండ్రి పదేళ్ల కొడుకు దేహాన్ని మోటారు సైకిలు మీద సుమారు 90 కిలోమీటర్లు తీసుకుపోయిన సంగతి మీరంతా పత్రికల్లో చదివారు. పెద్దాసుపత్రుల్లో మహాప్రస్థానం బండి ఉచితమని చాలామందికి తెలియదు, తెలిసినవారికి ఆ వేళకు అది దొరకదు.

ఆ రాత్రి అప్పు ఎక్కడ పుడుతుంది? గుంటూరు మిర్చి యార్డుకు సరుకు వేసే రైతైతే కమీషన్ వ్యాపారికి ఫోను చేస్తాడు. కల్లంలో ఎండుతున్న కాయ ఆ క్షణానే తాకట్టు పడుతుంది. కౌలు రైతైతే అక్కడ ముందే బాకీ, పురుగుమందుల కొట్టులో మరో బాకీ. కాయ కోతకు పోయే కూలి ఇంటికి, జిన్నింగు మిల్లులో దూది మోసే ఇంటికి అడగడానికి ఆ మనిషి కూడా లేడు. సరిగ్గా అప్పుడే అవతలి పక్షం తరఫున ఒక పెద్దమనిషి వస్తాడు. ముందు మట్టి కానివ్వండి, ఖర్చులు మేము చూస్తాము, మిగతావి తరువాత మాట్లాడుకుందాము అంటాడు. ఆ మాటలో దయ ఉన్నట్టే ఉంటుంది. వాహనానికి, కఫన్‌కు, గుంటకు అతడు ఇచ్చిన సొమ్ము పదిరోజులు గడిచేసరికి రాజీకి బయానా అయి కూర్చుంటుంది. నిన్న చూశానన్నవాడు నేడు చూడలేదంటాడు. మా ముప్ఫై ఏళ్ల గుమాస్తాగిరీలోనూ, ఆ తరువాతి సమాజ సేవలోనూ మేము గమనించినదేమిటంటే, హత్య కేసులు కోర్టులో కంటే ముందు మార్చురీ ముందరే ఓడిపోతున్నాయి.

కొందరు దియత్ పేరు ఎత్తుతారు. వారసులు క్షమించే హక్కు ధర్మంలో ఉన్నది, కాదనము. ఆ హక్కు న్యాయం తేలిన తరువాత, స్వేచ్ఛగా వాడుకోవలసినది. కఫన్‌కు డబ్బులేని తల్లి చేత రాత్రి రెండు గంటలకు వేయించే వేలిముద్ర దియత్ కాదు. పైగా ఈ దేశ చట్టంలో హత్య రాజీ పడదగిన నేరం కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ కాదు, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోనూ కాదు.

మరి కఫన్ ఖర్చు ఎవరిది? ఫిఖా చెప్పే క్రమం స్పష్టం. మొదట మృతుడు విడిచిన ఆస్తి నుంచి తజ్‌హీజ్, తక్‌ఫీన్. ఆ తరువాతే అప్పులు, వసీయత్, వారసుల వాటాలు. ఆస్తి లేకపోతే అతని పోషణభారం ఎవరి మీద ఉండేదో వారిది. వారికీ శక్తి లేకపోతే బైతుల్‌మాల్‌ది, అదీ లేనిచోట ముస్లిములందరిదీ. ఫర్జె కిఫాయా అంటే అర్థం అదే. హనఫీ ఉలమా ప్రకారం జకాత్ సొమ్ముతో కఫన్ కొనరాదు, ఎందుకంటే జకాత్‌ను బతికున్న హక్కుదారు చేతికి సొంతం చేయాలి. కనుక ఈ నిధి లిల్లాహ్ సొమ్ముతోనే ఏర్పడాలి. మిగిలిన భార్యాపిల్లలు పేదలైతే వారికి జకాత్ ఇవ్వవచ్చు.

నిజానికి కఫన్ గుడ్డ ఎంత? పురుషునికి మూడు వస్త్రాలు, స్త్రీకి అయిదు. ఇల్లు కూలేది జియారత్ భోజనాల దగ్గర, చాలీస్వా దేగ్‌చాల దగ్గర. జాఫర్ రజియల్లాహు అన్హు షహీదైనప్పుడు వారి ఇంటివారికి వండి పంపమని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. మనము ఆ ఇంట్లోనే వండించుకుని తిని వస్తున్నాము. హత్య జరిగిన ఇంటికి నాలుగు వీధులవారూ వస్తారు కాబట్టి దేగ్‌చాలు కూడా పెద్దవి అవుతాయి.

ఇక ప్రభుత్వం వైపు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం 2016 నియమాల ప్రకారం హత్యకు 8.25 లక్షల పరిహారంలో సగం పోస్టుమార్టం కాగానే అందాలి. అది ఆ సోదరులు రక్తం ధారపోసి సాధించుకున్న హక్కు. మనకు అటువంటి గడువుతో కూడిన నియమం లేదు. అయితే సురక్షా సంహిత 396వ సెక్షన్ ఉన్నది. హంతకుడు దొరకకపోయినా, గుర్తు తెలియకపోయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించాలి, మధ్యంతర సాయం కూడా ఇవ్వవచ్చు. గుంటూరు, ఒంగోలు జిల్లా కోర్టుల ఆవరణల్లోనే ఆ కార్యాలయాలున్నాయి, ఫోను 15100. మూకదాడిలో చనిపోతే 30 రోజుల్లో మధ్యంతర సాయం ఇచ్చే పథకం ప్రతి రాష్ట్రమూ పెట్టాలని సుప్రీంకోర్టు 2018 జులైలో పూనావాలా కేసులో ఆదేశించింది. రోడ్డు ప్రమాదమైతే దారి వేరు. అంత్యక్రియల కింద 15,000 రూపాయలు ఇవ్వాలనీ, మూడేళ్లకోసారి పదిశాతం పెంచాలనీ 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. ఆ సొమ్ము చేతికి వచ్చేసరికి సమాధి మీద గడ్డి మొలుస్తుంది.

ప్రధానమంత్రి సురక్షా బీమా జాయిజా కాదా అన్న చర్చను ఉలమాకు వదిలేస్తాము. ఏటా 20 రూపాయలు ఖాతాలోనుంచి కోత పడుతున్న ఇళ్లు మనలో అనేకం. ఆ రెండు లక్షల బీమాలో హత్య కూడా ప్రమాద మరణమే అన్న మాట వారికి తెలియాలి. మృతుని బ్యాంకు పుస్తకాన్ని నెలలోపల తీసి చూడండి.

చుండూరును ఒకసారి తలచుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. వారిని ఎవరి ఇంటివారు వారు చాటుగా పూడ్చుకోలేదు. ఊరి నడుమ అందరూ కలిసి ఖననం చేసి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. విచారణ కోర్టు ఆ ఊళ్లోనే కూర్చుంది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేయడం వేరే దుఃఖం. అయినా పదహారేళ్లపాటు ఆ సాక్షులు నిలబడ్డారు కదా! తమ మృతులను తామే మోసుకున్నవారు కనుక నిలబడ్డారని మా అభిప్రాయం.

ప్రతి మసీదు కమిటీ మద్రసా లెక్కలతో కలపకుండా ఒక విడి ఖాతా తెరవాలి. అందులో ఒక జనాజాకు, ఒక బండికి, మూడు రోజుల భోజనానికి సరిపడా సొమ్ము ఎప్పుడూ ఉండాలి. అర్ధరాత్రి తీసి ఇచ్చే అధికారం ఇద్దరికి ఉండాలి. తీర్మానం తరువాత రాసుకోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు కాగితాలు చదవగలవారై ఉండాలి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా అడిగి తీసుకోవాలి. శవపంచనామాలో దెబ్బలన్నీ రాశారో లేదో వేలిముద్ర వేయకముందే చదివించుకోవాలి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పొందాలి. అవతలి పక్షం నుంచి ఎవరు వచ్చినా ఖర్చులు జమాఅత్ చూస్తున్నదని ఆ ఇద్దరే మర్యాదగా చెప్పి పంపాలి. ఆ మాట ఇంటివారి చేత చెప్పించవద్దు.

రసీదు పుస్తకాలు తెచ్చాము. మగ్రిబ్ తరువాత ఇక్కడే ఇస్తాము. తీసుకునే కమిటీలు ఆ ఇద్దరి పేర్లు రాసి ఇచ్చి వెళ్లగలరు.