మోటుపల్లి మాట, పాలంపేట రాయి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి తరలివచ్చిన కవులూ పరిశోధకులూ పంతుళ్లూ ఈ సభలో ఉన్నారు.

విద్య, సంస్కృతి, శాంతి కోసం దేశాలు చేతులు కలపడం గురించి మాట్లాడమన్నారు. ఇంత బరువైన మాటలు ఒక్కచోట చేరితే నాకు భయం. అందుకే ఒక రాతిని పట్టుకుని మొదలుపెడతాను. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. గాలివానకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవారట. తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ముట్టనని పరదేశి వర్తకులకు రాతిమీద మాటిచ్చాడు. అందులో దయ ఎంతుందో, ఖజానా లెక్క ఎంతుందో చెప్పడం కష్టం. రెండూ ఉండి ఉంటాయి. అయితేనేం, పరాయివాడికి ఇచ్చిన మాటను నలుగురూ చదివేలా చెక్కించాడు కదా.

ఆ రాజు దగ్గరే సేనానిగా ఉన్న రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించాడు. మనం రామప్ప గుడి అంటున్నది దాన్నే. ఇప్పుడది ములుగు జిల్లాలో ఉంది, 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లిదే. భూపాలపల్లి మిత్రులు ఇంకా కొంచెం అలకగానే ఉన్నారని నాకు తెలుసు! ఇసుక నింపిన పునాది, నీళ్లమీద తేలేంత తేలికైన ఇటుకల శిఖరం, నల్లరాతి మదనికలు మీరు ఎరిగినవే. 2021 జులై 25న చైనాలోని ఫుజౌ కేంద్రంగా జరిగిన యునెస్కో ప్రపంచ వారసత్వ సంఘం సమావేశం దాన్ని జాబితాలో చేర్చింది. అదేమీ సులువుగా దక్కలేదు. నిపుణుల మండలి ఇకోమోస్ నిర్ణయాన్ని వాయిదా వేయమంది. రష్యా చొరవ తీసుకుంటే మిగతా సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. మన ఊరి గుడి కోసం మన భాష రానివాళ్లు వాదించారు. సహకారం అన్న మాటకు నాకు అర్థం తెలిసింది ఆ రోజే.

యునెస్కోను నిలబెట్టడంలో మనవాళ్ల చెయ్యీ ఉంది. 1946 నుంచి భారతదేశం అందులో సభ్యురాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948లో దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడయ్యారు. 1956లో దాని మహాసభకు ఢిల్లీ ఆతిథ్యమిచ్చింది. అమెరికా 1984లో వెళ్లిపోయింది, 2003లో వచ్చింది, మళ్లీ వెళ్లి 2023లో తిరిగొచ్చింది, 2025లో మళ్లీ వెళ్తానని ప్రకటించింది. అలిగిన అల్లుడి రాకపోకలు మన ఇళ్లలోనూ చూస్తాం. మన దేశం అలా లేచి వెళ్లిపోలేదు, అది మెచ్చుకోదగ్గదే. కానీ సభలో కుర్చీ వదలకుండా కూర్చుంటే చాలదు. పంచుకోవడానికి ఏం తెచ్చామో కూడా చూడాలి.

ఇక్కడ సాహిత్యం గుర్తొస్తుంది. జనగామ జిల్లా పాలకుర్తి పేరు ఇంటిపేరుగా ఉన్న సోమన బసవ పురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకెళ్లాడు. ఆ పుస్తకంలోని బసవన్న కన్నడ దేశంవాడే! అక్కడి కథ ఇక్కడికొచ్చి ద్విపదై, మళ్లీ కన్నడమై సొంతూరు చేరింది. ఏ ఒడంబడికా లేకుండానే జరిగిన పని ఇది. ఇవాళ మనం సన్మాన శాలువాలకు పెట్టే ఖర్చులో పదోవంతు అనువాదాలకు పెడుతున్నామా? నాకు అనుమానమే.

మళ్లీ రామప్ప దగ్గరికొస్తే, గుర్తింపు వచ్చిన గుడికి జనం వస్తారు. రానివాటి సంగతే నన్ను తినేస్తోంది. గణపురం కోటగుళ్లు, పాండవుల గుట్ట రాతిచిత్రాలు, మహబూబాబాద్ జిల్లా కొరవి శాసనం కూడా మన ఆస్తే. తొలినాటి తెలుగు వచనం చూపమని ఎవరైనా అడిగితే పండితులు కొరవి పేరు చెబుతారు. కొరవి పిల్లలకు ఆ సంగతి ఎవరు చెబుతారు? పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద సుత్తితో తీర్చే పనితనం ఏ దేశంవాడికైనా చూడగానే అర్థమవుతుంది. శాసనం అలా కాదు, దానికి చదివి చెప్పేవాడు కావాలి. ఆ పని మనది.

వచ్చే సభకు ప్రసంగ పత్రాలు వద్దు. ఒక్కొక్కరు మీ ఊరి చుట్టుపక్కల ఒక్క శాసనం ఎంచుకోండి. పాఠం సరిచూసుకుని, భావాన్ని పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో రాసుకుని రండి. హిందీ, ఇంగ్లీషు, కన్నడం వచ్చినవాళ్లు వాటిని ఆ భాషల్లోకి మార్చండి. కొరవి శాసనం నా వంతు.